పిన్ని ఊరుకున్న నిమిషం

నిన్న మధ్యాహ్నం కరెంటు పోయి ఫ్యాను ఆగగానే నాకు పాలకొల్లులో ఉన్న మా పిన్ని గుర్తొచ్చింది. నిశ్శబ్దానికీ ఆవిడకీ బొత్తిగా పొసగదు. నిద్ర లేచింది మొదలు వంటింట్లోంచి ఏదో ఒకటి చెబుతూనే ఉంటుంది. వెనక వసారాలో పడక్కుర్చీ వేసుకుని, పేపరు అడ్డం పెట్టుకున్న మా బాబాయి ఉలకడు, పలకడు. "గోడకి చెప్పినా ఒకటే, మీ బాబాయికి చెప్పినా ఒకటేనే" అని నవ్వేది గానీ, ఆ నవ్వు వెనక బాధ నాకు తెలుసు. కాపురానికొచ్చిన నాటి నుంచీ ఆయన తన మాట ఒక్కటీ వినలేదన్నదే ఆవిడ దిగులు.

సినిమా చదువు చదువుతున్న మా అమ్మాయి కాలేజీ కోసం ఒక చిన్న సినిమా ఆ ఇంట్లోనే తీసింది. అంతా అయ్యాక, ఇంటి నిశ్శబ్దం కావాలంది! మాటకీ మాటకీ మధ్య ఖాళీల్లో అదే పరచాలట, లేకపోతే అతుకులు వినబడతాయట. "నిశ్శబ్దాన్ని రికార్డు చేయడమేంటే, చోద్యం కాకపోతే!" అంది పిన్ని. ఫ్యాను కట్టేశాం. ఫ్రిజ్ కట్టేస్తే పాలు విరిగిపోతాయని ఆవిడ గోల. మైకు పెట్టగానే "అమ్మడూ, కాస్త మజ్జిగ తాగవే" అంది. మళ్ళీ పెడితే గుసగుసగా "అయిపోయిందా?" అంది. సాయంత్రం రైలుకి వెళ్ళిపోవాలి, ఇది లేనిదే సినిమా పూర్తికాదు. పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అది చూసి పిన్ని, పొద్దుట్నుంచీ చెబుతున్న కథను, పక్కింటావిడ అరువు తీసుకెళ్ళి రేకుల్లేకుండా తిరిగిచ్చిన ఇడ్లీ పాత్ర కథను, సగంలో ఆపేసి పమిటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇల్లంతా మూగబోయింది. కాసేపటికి వసారాలో పడక్కుర్చీ కిర్రుమంది. చెప్పుల చప్పుడు దగ్గరికొచ్చింది. బాబాయి వంటింటి గడప దగ్గర నిలబడ్డాడు, మొహం నిండా కంగారు.

"ఏమేవ్, ఆగిపోయావేం? ఒంట్లో బాగానే ఉందా?"

తర్వాత మమ్మల్ని చూసి సిగ్గుపడ్డాడు. వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, "ఇంతకీ ఆవిడ ఇడ్లీ రేకులు ఇచ్చిందా, లేదా?" అన్నాడు.

ఆ రికార్డింగు పాడైపోయింది. మా అమ్మాయి మళ్ళీ మైకు పెట్టింది. ఈసారి పిన్నిని ఎవరూ ఊరుకోమనక్కర్లేకపోయింది, ఆవిడ వసారా వైపే చూస్తూ ఉండిపోయింది. సినిమా అంతటా పరిచింది ఆ నిశ్శబ్దాన్నే. చూసినవాళ్ళెవరూ దాన్ని పట్టించుకోరు. నాకు మాత్రం అది వింటుంటే కళ్ళు చెమరుస్తాయి. పక్కమనిషి మన మాటలన్నీ విన్నాడని తెలియడానికి ఒక్కోసారి ఒక కాపురమంత కాలం పడుతుంది.