ఖో అందని అమ్మాయి

2023 ఆగస్టు, ఒక శనివారం. అమలాపురంలో ఓ హైస్కూలు మైదానం. వ్యాయామ ఉపాధ్యాయురాలిగా ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరైన నన్ను జిల్లా ఖోఖో సెలెక్షన్స్‌కి పిలిచారు. పదిహేడేళ్లలోపు ఆడపిల్లలు. నలభై అయిదు మంది వచ్చారు. పన్నెండు మందిని తియ్యాలి.

ఆట తెలియనివారికి ఒక మాట. తరిమే జట్టులో ఎనిమిది మంది వరసలో, ఒకరు ఇటు ఒకరు అటు తిరిగి కూర్చుంటారు. తొమ్మిదో అమ్మాయి ఛేజర్, అంటే పరిగెత్తి పట్టుకునే మనిషి. ఆమె కూర్చున్నవాళ్లలో ఒకరి వీపు తట్టి ‘ఖో’ అంటేనే ఆ పిల్ల లేచి తరమాలి, తట్టినామె ఆ చోట కూర్చోవాలి. ముందే లేస్తే ఫౌల్.

నాకు సిఫార్సులు గిట్టవు. అందుకే పేర్లు అడగకుండా, వచ్చిన వరసలో నంబర్లు ఇచ్చాను. తొమ్మిదేసి మంది చొప్పున అయిదు బృందాలు. ఒక్కో బృందం వేరే బృందాన్ని తరిమే ఏడు నిమిషాల టర్నులు నాలుగు. ఒక అవుట్‌కి, పట్టుకున్న పిల్లకి ఒక మార్కు. ఇంతకంటే న్యాయం ఎలా ఉంటుందనుకున్నాను.

నాలుగో బృందంలో ఎనిమిది మంది ఆ హైస్కూలు పిల్లలే. తొమ్మిదో పిల్ల, 36వ నంబరు, దిండి వైపు నుంచి తన స్కూలు హెడ్మాస్టరు ఉత్తరం పట్టుకుని ఒక్కతే వచ్చింది. ఇరవై ఎనిమిది నిమిషాల తర్వాత ఆ నంబరుకి ఎదురుగా సున్నా వేశాను.

లిస్టు గోడమీద అంటించాక ఆ అమ్మాయి నా కుర్చీ దగ్గరికి వచ్చింది.

“మేడమ్ గారండీ, నాకు సున్నా ఏసేరేంటండీ?”

“ఒక్కళ్లనీ అవుట్ చెయ్యలేదు కదమ్మా.”

“లేదండి. ఖో ఇత్తేనే కదండీ లేచేది.”

నా పుస్తకం తిరగేశాను. అవుట్లున్నాయి, ఫౌళ్లున్నాయి. ఎవరికి ఎన్ని ఖోలు అందాయో రాసే గడి లేదు.

కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుంటున్న ఆ ఎనిమిది మందిని అడిగాను. ఒక పిల్ల జంకు లేకుండా చెప్పింది.

“మా వాళ్లకిత్తే మళ్లీ మాకే ఇత్తారండి. ఆ అమ్మాయెవరో మాకు తెలీదండి.”

అందులో ద్వేషం లేదు. జట్టుకి కాకుండా మనిషి మనిషికీ విడిగా మార్కులు పెట్టింది నేను. వాళ్లు ఆ మార్కుల కోసమే ఆడారు.

“ఇంకో టర్ను ఆడిద్దామండీ” అన్నాను ఆ స్కూలు వ్యాయామ మాస్టారితో.

“ఆయ్, ఆడిద్దుమండి. కానీ లిస్టు పైవాళ్లకి వాట్సాప్‌లో వెళ్లిపోయిందండి. తవరి సంతకంతోనే.”

పైకి ఫోన్ చేశాను. వాళ్లూ నా సంతకమే గుర్తుచేశారు.

మైదానంలోకి తిరిగి వచ్చేసరికి పై ఊళ్ల పిల్లలందరూ ఎవరి బస్సు వాళ్లు ఎక్కేశారు. ఆ అమ్మాయి మాత్రం ఖాళీ కోర్టులో తన గడిలోనే కూర్చుని ఉంది.

“నీ పేరేంటమ్మా?” అప్పుడు అడిగాను.

“గంగాభవాని అండి. పోనీలెండి మేడమ్ గారు. ఒక్కసారి పరిగెడతాను, చూత్తారాండీ?”

కోర్టు రెండు చివర్లా ఉన్న స్తంభాల చుట్టూ ఆరు చుట్లు. వాచీ చూశాను: డెబ్భై ఒక్క సెకన్లు. స్తంభం దగ్గర తిరిగేటప్పుడు ఒక్కసారీ అడుగు జారలేదు. అలా తిరగగలిగిన పిల్ల నా పన్నెండు మందిలో లేదు.

“ఎవరూ లేకపోతే బాగానే పరిగెడతానండి” అని నవ్వి, చెప్పులేసుకుని రాజోలు బస్సుకి వెళ్లిపోయింది. నేను గేటుదాకా వెళ్లాను. ఆ పిల్ల వెనక్కి తిరిగి చూడలేదు. మరుసటి ఏడాదికి ఆమె వయసు దాటిపోయింది.

ఇప్పుడు ఏ ఊళ్లో సెలెక్షన్‌కి పిలిచినా ఒక స్కూలు పిల్లల్ని ఒకచోట ఉంచను. టర్నుకోసారి కూర్చునే చోట్లు మారుస్తాను. లెక్క తప్పకపోతే న్యాయం జరిగినట్టే అనుకునేదాన్ని. లెక్కలోకి ఏం తీసుకోలేదో ముందు చూసుకోవాలని ఆ పిల్ల వల్ల తెలిసింది.

ఆ సాయంత్రమే ఇంటికొచ్చి స్కేలు పెట్టి పుస్తకంలో కొత్త గడి గీశాను. అందులో మొదటి వరస ఆమెదే. 36, గంగాభవాని. టర్నులు నాలుగు. అందిన ఖోలు సున్నా.