పసుపు అంటిన కార్డు

మర్రిగూడ అవతల అడవిల, చెరువు ఒడ్డు పట్టుకొని సన్నని బాట ఉండేది. నడిచేటోళ్లకు, సైకిలోళ్లకు అదే దారి. అక్కడ నడిచిపోతున్న ఒక అవ్వ నా జేబుల పెన్ను చూసి నా సైకిల్ ఆపింది. బిడ్డ దగ్గరి నుంచి వచ్చిన పోస్టు కార్డు చదువుమని నా చేతికిచ్చింది.

"నా బిడ్డకు నెలలు నిండినయి కొడుకా. మూలకు పసుపున్నది, మంచి కబురేనా?"

నాకు అక్షరం రాదు. పెన్ను షోకుకు పెట్టుకున్న. ఆ మాట చెప్ప సిగ్గై, "మంచిదే అవ్వా, నిమ్మలంగ పో" అని సైకిలెక్కిన.

మూడోనాడు అదే బాటల ఎదురైంది, చేతులల్ల పసిగుడ్డుతోని.

"నేను పోయేసరికే బిడ్డ పానం పోయింది. ఆ పసుపు మందు నూరిన చెయ్యిది కొడుకా. నీ సైకిల్ మీద తోల్కపొమ్మని అడుగుదామనుకున్న. నిమ్మలంగ పొమ్మంటివి."

తిట్టలేదు. కార్డు నా జేబుల పెట్టి పోయింది.

నలభై దాటినంక అక్షరాలు నేర్చుకున్న. మొదలు ఆ కార్డే చదివిన. "అమ్మా, నిన్ను చూడాలె. జెల్ది రా."