అందినాదేటి?

నిమ్‌పురా రైల్వే కంట్రోల్ రూములో పనిచేసినంతకాలం చెన్నకేశవరావు, పంపిన కబురు అందిందని అవతలి గొంతు చెబితేగాని కుదుటపడేవాడు కాదు. రిటైరయ్యాక పల్లెల పొదుపు సంఘంవాళ్లు, బ్రాంచీలకు వైర్‌లెస్సా, ఫోను లైను మీద కంప్యూటరు లెక్కలు పంపే, కొత్తగా వచ్చిన మోడెమా, ఏది కొనాలో తేల్చమని ఆయన్నే అడిగారు. పరీక్షకు పెట్టిన మోడెం కీచుమంటూ పల్లె బ్రాంచికి లెక్కలు పంపుతుంటే ఆయనకు మనసాగలేదు. అదే లైనుకున్న ఫోనెత్తి, "గౌరీ, అందినాదేటి?" అని అరిచాడు. మోడెం ఆగిపోయింది. మళ్లీ పంపాడు, మళ్లీ అరిచాడు. "పనికిమాలిన మిషను" అని తేల్చేస్తుండగా ఆ బ్రాంచి గుమాస్తా గౌరే ఫోన్ చేసింది.

"బాబాయ్, మీరు ఫోనెత్తినప్పుడల్లా తెగిపోతంది. మిషను మంచిదే!"

ఇంతకాలపు అనుభవం ఇదన్నమాట అని తనలో తనే నవ్వుకున్నాడు. "మోడెమే కొనండి. సలహాదారుకి మాత్రం ఫోన్ అందనివ్వకండి" అని సంఘానికి సలహా టైపు చేసి, గౌరికి మోడెంలోనే పంపి, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.