కాలి మీది కనుబొమ్మలు

ఆమె ఎడమ కాలి పిక్క మీద పదిహేడు కనుబొమ్మలున్నాయి. మోకాలి కింద మొదలై చీలమండ దాకా నిచ్చెన మెట్లలా దిగుతాయి. ఒక్కోదాని పక్కన చిన్న అంకెల్లో అది వేసిన నెల, సంవత్సరం ఉంటాయి. పైవి పాతవి. వాటిలో ఒకటి ఇటుక రంగుకు తిరిగింది. ఒకటి బూడిదయింది. ఇంకొకటి దెబ్బ తగిలి కమిలినట్టు నీలంగా ఉంటుంది. సీసాలో ఉన్నప్పుడు మూడూ ముదురు గోధుమ రంగే.

మా భవనంలో అందరూ ఆమెను బొమ్మలక్క అంటారు. ముఖాల మీద సూదితో రంగు గుచ్చి కనుబొమ్మలు వేస్తుంది గనక. పిల్లలకు బొమ్మలు కొందామని మూడంతస్తులు ఎక్కి వచ్చినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళను నవ్వి పంపిస్తుంది. ఆమె విసుక్కునేది అసలు పనికి వచ్చినవాళ్ళను.

ఈ పనికి ముందు పదకొండేళ్ళు ఒక బ్యూటీ పార్లర్లో కనుబొమ్మలు తీసే దారం పట్టుకుని నిలబడింది. ఒకరోజు మందుల వల్ల ఒంటి మీద వెంట్రుకన్నది లేకుండా పోయిన ఆవిడ వచ్చి కుర్చీలో కూర్చుంది. "దారానికి నా దగ్గర ఏమీ లేదమ్మా. ఏదన్నా గీయగలవా?" అంది. పెన్సిల్‌తో బొమ్మలక్క గీసి పంపింది. గీత చెరిగిపోయి ఆవిడ మర్నాడు మళ్ళీ వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది. అప్పుడు బొమ్మలక్క ఒక వాడేసిన సూది మిషన్ కొని ముందు నారింజ తొక్కల మీద, తర్వాత రబ్బరు ముక్కల మీద, ఆ తర్వాత తన కాలి మీద నేర్చుకుంది. ఎవరూ నేర్పలేదు.

చిన్న మోటార్లు బాగుచేసే నా షాపు ఆమె గదికి ఎదురుగా ఉంది. "తమ్ముడూ, సూది ఊగుతోంది" అని మిషన్ పట్టుకొస్తుంది. కంటికి ఏమీ కనిపించదు. కొలిచి చూస్తే వెంట్రుకలో సగమంత ఊగుతూ ఉంటుంది. ఆమె చేతికి అది ముందే తెలిసిపోతుంది.

గది బయట బోర్డు మీద 'సెమీ పర్మనెంట్ మేకప్' అని ఉంటుంది. ఆ బోర్డంటే ఆమెకే ఒళ్ళుమంట. "చేయించుకునే ముందు వీళ్ళకి పర్మనెంటే వినపడుతుంది. నచ్చకపోతే సెమీ గుర్తొస్తుంది. 'రెండేళ్ళలో పోతుందన్నావుగా' అంటారు. పోతుందన్నానా? వాడిపోతుందన్నాను."

ఆమె పద్ధతి మొండిది. మొదటి రోజు సూది పట్టదు. మనిషిని నిటారుగా కూర్చోబెట్టి పెన్సిల్‌తో గీస్తుంది. పడుకోబెట్టి గీయడం ఈ పనిలో అందరూ చేసే తప్పు. వెల్లకిలా పడుకుంటే బుగ్గలు, నుదురు చెవుల వైపు జారతాయి. ఆ ముఖానికి సరిపోయిన గీత లేచి నిలబడ్డ ముఖానికి సరిపోదు. గీశాక చెవి వెనక ఒక చుక్క రంగు పెట్టి, దురద పుడుతుందేమో చూసుకోమంటుంది. వారం రోజులు ఆ గీతతోనే తిరగమంటుంది. కడుపుతో ఉన్నవాళ్ళను వెనక్కి పంపుతుంది. స్కానింగ్‌కి వెళ్తే ఈ రంగు సంగతి డాక్టర్‌కి చెప్పాలంటుంది. చివర్లో చీర కుచ్చెళ్ళు మోకాలి దాకా ఎత్తి కాలు చూపిస్తుంది. "ఇదిగో, నాలుగేళ్ళ తర్వాత మీ ముఖం." సగంమంది మళ్ళీ రారు. వచ్చినవాళ్ళు మాత్రం ఏళ్ళ తరబడి వస్తారు. నిప్పురవ్వలు పడి ఒక కనుబొమ్మ మాడిపోయిన వెల్డర్, చెయ్యి వణికి కాటుక కూడా పెట్టుకోలేని ముసలావిడ, ఇలాంటివాళ్ళు.

ఇంత మొండిమనిషికి ఇంట్లోవాళ్ళ దగ్గరే తల బొప్పి కట్టింది.

ఆమె ఆడపడుచు ఒక లాడ్జిలో ముందు కౌంటర్ దగ్గర కూర్చునేది. తొమ్మిదేళ్ళుగా అదే కుర్చీ. ఒకరోజు పొద్దున పళ్ళు తోముకుంటుంటే నోట్లో నీళ్ళు ఒక పక్క నుంచి కారిపోయాయి. అద్దంలో చూసుకుంటే కుడి సగం ముఖం జారిపోయి ఉంది. కనుబొమ్మ కిందికి దిగింది, కన్ను మూతపడటం లేదు, మూతి ఎడమకు లాగింది. ముఖంలోని నరం వాచిందని, మందులు వాడుతూ వ్యాయామం చేస్తే చాలామందికి కొన్ని నెలల్లో తిరిగొస్తుందని డాక్టర్ చెప్పాడు.

మూడో వారం ఆడపడుచు బొమ్మలక్క గదికి వచ్చి కుర్చీలో కూర్చుంది.

"వదినా, ఈ కుడి కనుబొమ్మ పైకి వేసెయ్. ఎడమదానికి సమానంగా."

"ముఖం ఇంకా కదులుతోంది తల్లీ. కదిలే గోడకి మేకు కొడతామా?"

"నా ముఖం గోడా?"

"గోడయితే ఇవాళే కొట్టేదాన్ని. నిలబడి ఉండేది. ఆరు నెలలు ఆగు."

"ఆరు నెలలు ఆగితే నా కుర్చీ ఆగుతుందా? మా ఓనర్ మొన్నట్నుంచి నా ముఖం కేసి చూసి తల తిప్పుకుంటున్నాడు. వచ్చేపోయేవాళ్ళందరికీ నీ మార్కు కనుబొమ్మలేనా, నాకు మాత్రం నీతులా?"

చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. రోజూ పొద్దున ఏడింటికి ఆడపడుచు రావాలి. బొమ్మలక్క పెన్సిల్‌తో గీసి పంపిస్తుంది. ప్రతి సోమవారం గీసే ముందు రెండు కనుబొమ్మల మధ్య ఎత్తు తేడాను స్కేలుతో కొలిచి ఒక అట్టముక్క మీద రాసేది. ఏడు మిల్లీమీటర్లు. మళ్ళీ ఏడు. ఆరున్నర.

"చూశావా, అర మిల్లీమీటర్ లేచింది."

"అర మిల్లీమీటరా! ఊరేగింపు చేద్దామా వదినా?"

అలా గీయడం మొదలుపెట్టిన ఐదో వారం ఎండ బాగా ముదిరింది. కౌంటర్ దగ్గర ఫ్యాను పాడైంది. ఆడపడుచు ముఖం తుడుచుకుంది. గీసిన కనుబొమ్మ చేతిగుడ్డ మీదికి వచ్చేసింది. ఎదురుగా గది కోసం వచ్చిన మనిషి చూసి పక్కకు తిరిగి నవ్వాడు. ఆ సాయంత్రమే ఓనర్ ఆమెను వెనకగదికి మార్చాడు. దుప్పట్లు, తువ్వాళ్ళు లెక్కపెట్టే పని. కారణం చెప్పలేదు. ఆమె అడగనూ లేదు. చేతిగుడ్డ చూసుకుంటే ఆమెకు తెలిసిపోయింది, లేదా తెలిసిందనుకుంది.

మర్నాడు ఏడింటికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మూడోరోజు సాయంత్రం మెట్లెక్కి వచ్చి గుమ్మంలోనే నిలబడింది. కుడి కనుబొమ్మ నల్లగా, ఎత్తుగా, ఎడమదానికి సరిసమానంగా ఉంది.

"ఒక్క గంటలో అయిపోయింది. ఏసీ గది. పాటలు పెట్టారు. ఎవరూ కాలు ఎత్తి భయపెట్టలేదు" అంది.

బొమ్మలక్క దగ్గరికెళ్ళి చూసింది. "పడుకోబెట్టి వేశారా?"

"మరి నిలబెట్టి వేస్తారా?"

"నీ సొంత కనుబొమ్మ ఏది?"

"బ్లేడుతో గొరిగేశారు. అది కిందికి ఉందిగా, ఎందుకని."

"పై అంచు మీద ఈ తెల్లగా ఉన్నది ఏంటి?"

"కొంచెం పక్కకు పోయిందని ఒంటిరంగు వేసి కప్పారు. కనపడట్లేదుగా?"

బొమ్మలక్క అట్టముక్క తీసి చూపించబోయింది. చివరి అంకె ఐదు. ఆడపడుచు అటు చూడకుండా దిగి వెళ్ళిపోయింది.

నాలుగో నెలకు ముఖం తిరిగొచ్చింది. ముందు కన్ను మూతపడటం మొదలైంది, తర్వాత మూతి సర్దుకుంది, చివరికి నుదురు లేచింది. నుదురు లేచినప్పుడు దాంతో పాటు వేసిన కనుబొమ్మ కూడా లేచి నుదుటి మధ్యకు చేరింది. గొరిగేసిన సొంత వెంట్రుకలు ఈలోగా కింద తమ చోటులో మొలిచాయి. ఎడమ పక్క ఒకటి, కుడి పక్క రెండు. మొత్తం మూడు కనుబొమ్మలు.

డాక్టర్ చెయ్యి కలిపి అభినందించాడట. ఆమె ఇంటికొచ్చి అద్దానికి తువ్వాలు కప్పింది.

ఆ తర్వాత జరిగిందంతా బొమ్మలక్క నెత్తి మీదికే వచ్చింది. అత్తగారు స్వయంగా మెట్లెక్కి, ఆయాసం తీర్చుకోకుండానే మొదలుపెట్టింది.

"ఇంట్లో పనిమంతురాలివి నువ్వుండగా నా కూతురు బయటికి ఎందుకు పోయింది? నువ్వు కాదన్నావు గనకే కదా!"

"ఆగమన్నాను అత్తయ్యా. కాదనలేదు."

"ఆగమంటే కాదన్నట్టే. నాకు తెలీదా?"

బొమ్మలక్క భర్త పక్కనుంచి, "పోనీ అప్పుడే కొంచెం లైట్‌గా వేసి ఉండాల్సింది" అన్నాడు. సూది పట్టని మనిషికి లైట్‌గా అనే మాట ఎంత తేలిక! ఆ రోజు బొమ్మలక్క మిషన్ తీసుకుని నా దగ్గరికొచ్చి, "సూది ఊగుతోంది తమ్ముడూ" అంది. కొలిచాను. ఊగటం లేదు. ఆ మాట చెప్పకుండా విప్పి, నూనె వేసి ఇచ్చాను.

అంతటితో పోలేదు. ఆడపడుచు వదినను చూడటానికి వచ్చినప్పుడల్లా మెట్ల మీద ఎవరో ఒకరు తారసపడేవారు. కనుబొమ్మలు వేయించుకోవడానికి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు ఆమె ముఖం చూసి, తలుపు మీది బోర్డు చూసి, ఒకరినొకరు గిల్లుకుని వెనక్కి తిరిగారు. బొమ్మలక్క గుమ్మంలోంచి చూస్తూనే ఉంది. అది తను వేసింది కాదని అరవచ్చు. పక్కనే ఆ పిల్ల నిలబడి ఉంది. అరవలేదు.

"దీని మీద ఇంకోటి వేసి కప్పేయలేవా?" అంది ఆడపడుచు.

"రెండింటినీ కలిపితే నుదురంతా కనుబొమ్మే అవుతుంది."

"లేజర్?"

"ఒంటిరంగు వేశారన్నావే, లేజర్ తగిలితే అలాంటి రంగు ఒక్కోసారి నల్లబడుతుంది. చర్మం డాక్టర్‌ని అడుగు, నా మాట నమ్మకు."

అడిగింది. ఆయనా అదే చెప్పి, ముందు చిన్న చుక్క మీద చూడాలన్నాడు. చుక్క మీద చూస్తే నల్లబడింది. ఇప్పుడు మూడు కనుబొమ్మలకు ఒక పుట్టుమచ్చ తోడయింది.

మిగిలింది ఉప్పునీటి దారి. ఆ రంగు మీదే మళ్ళీ సూదితో గుచ్చి, శుభ్రం చేసిన ఉప్పునీటి ద్రావణం ఎక్కిస్తే, కట్టిన పక్కుతో పాటు కొంచెం రంగు బయటికొస్తుంది. పక్కు దానంతట అది రాలాలి, గోకకూడదు. తర్వాత ఆరు వారాలు ఆగాలి. మళ్ళీ గుచ్చాలి. ఐదుసార్లో, ఆరుసార్లో. మొత్తం పోతుందన్న హామీ లేదు, మచ్చ పడదన్న హామీ కూడా లేదు.

"మళ్ళీ ఆగడమేనా!" ఆడపడుచు కుర్చీ చేతిని గుద్దింది. "గంటలో వేసినదాన్ని తీయడానికి ఏడాదా? నీ నోట ఆగు అనే మాట తప్ప ఇంకోటి రాదా వదినా?"

"రాదు. ఇంకో మాట వచ్చేవాళ్ళ దగ్గరికి ఒకసారి వెళ్ళొచ్చావుగా."

ఆ మాట అనకుండా ఉండాల్సిందని బొమ్మలక్క తర్వాత నాతో అంది. కానీ అంది.

ఆ వెంటనే బొమ్మలక్క స్టూలు లాక్కుని, కుచ్చెళ్ళు ఎత్తి, కాలు బల్ల మీద పెట్టింది. పైనుంచి రెండోది, ఆ కమిలిన నీలందాన్ని స్పిరిట్‌తో తుడిచింది. తన కాలి మీద తనే ఉప్పునీళ్ళు ఎక్కించుకోవడం మొదలుపెట్టింది.

"ఏం చేస్తున్నావు?"

"కాలు ముఖం కన్నా నెమ్మదిగా మానుతుంది. దీని మీద మచ్చ పడకపోతే నీ మీద సూది పెడతాను. పడితే పెట్టను. ఆరు వారాలు."

ఆ మధ్యలోనే లాడ్జిలో పిలుపొచ్చింది. ఓనర్ ఆడపడుచును దుప్పట్ల గదిలోంచి పిలిచి, "నోరు సర్దుకుందిగా, ఒకటో తారీకు నుంచి ముందుకొచ్చి కూర్చో" అన్నాడు. ఆమె నుదురు తడుముకుంటూ, "సార్, మరి ఈ కనుబొమ్మ?" అంది.

"ఏ కనుబొమ్మ?" అన్నాడు ఆయన. "ఫోన్లో నీ మాట సగం జారిపోతోందని ఫిర్యాదులొచ్చాయి. అందుకే వెనక్కి పంపాను. పెదవులు కలిస్తే గానీ మాట రాదు కదమ్మా. అది తగ్గింది, ఇంకేం?"

అప్పుడు ఆయన ముందుకు వంగి చూసి, "అవునూ, ఇదేంటి రెండున్నాయి?" అన్నాడట.

ఆడపడుచు ఈ సంగతి చెప్పడానికి డ్యూటీ బట్టల్లోనే వచ్చింది. నేను నా గుమ్మంలో మోటారు చుడుతూ విన్నాను. ఎక్కడన్నా నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు.

"కుర్చీ కోసం వేయించుకున్నాను వదినా. కుర్చీకి దీంతో పనే లేదంట."

బొమ్మలక్క దూది చుడుతూ, "మరి ఉంచేద్దామా? ఆయనకు అక్కర్లేదన్నాక" అంది.

"ఆయన రోజుకోసారి చూస్తాడు. అద్దంలో నేను ఎన్నిసార్లు చూస్తాను? తీసెయ్."

"ఎప్పుడు?"

ఆడపడుచు నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. "నువ్వు చెప్పినప్పుడు" అంది, పళ్ళ మధ్యనుంచి.

ఒకటో తారీకున కౌంటర్లో కూర్చుంది. వచ్చినవాళ్ళు పేరు రాయించుకుంటూ, ఆ పైకెత్తిన కనుబొమ్మ చూసి తమను అనుమానంగా చూస్తోందనుకుని గుర్తింపు కార్డు అడక్కుండానే తీసి ఇస్తున్నారట. తొమ్మిదేళ్ళలో ఎప్పుడూ అలా జరగలేదంటుంది. ఆ మాటా చిరాగ్గానే చెబుతుంది.

బొమ్మలక్క కాలు గుచ్చుకుని నాలుగు వారాలు గడిచాయి. ఆడపడుచు డ్యూటీ దిగగానే మూడంతస్తులూ ఎక్కి వస్తుంది. చెప్పులు కూడా విప్పదు. లోపల ఎవరున్నా, ఎవరి ముఖం మీద పెన్సిల్ ఆడుతున్నా, గుమ్మంలోంచే అడుగుతుంది.

"కాలు చూపించు వదినా."

బొమ్మలక్క పెన్సిల్ ఆపకుండా కాలు ఒక్కటి పక్కకు చాపుతుంది. పక్కు రాలింది. నీలం కాస్త పలచబడింది. కింద చర్మం ఇంకా గులాబీ రంగులోనే ఉంది.

"ఇంకా రెండు వారాలు."

ఆడపడుచు గట్టిగా ఊపిరి వదిలి, గోడవారగా బెంచీ మీద కూర్చుంటుంది. ఎదురుగా పెన్సిల్ గీత కోసం కూర్చున్న మనిషి ఆమె నుదుటి వైపు ఒకసారి చూసి, తన వారం గడువు తగ్గించమని మళ్ళీ అడగడం మానేస్తుంది.