బేరమాడని జంగయ్య, నిలువుకోత చైన్

1996 వేసవి. శంషాబాద్‌లో బెంగళూరు రోడ్డు మీద మాది మోటార్ల విడిభాగాల దుకాణం. చెట్లు కోసే చైన్‌సాలు ఆ చుట్టుపక్కల వేళ్ల మీద లెక్కపెట్టదగినన్నే ఉండేవి, వాటికి చైన్లు దొరికేది మా దగ్గరే. అందుకే ఎక్కడ ఏ టేకు చెట్టు దొంగచాటుగా కూలినా ఫారెస్టు జీపు ముందు మా గుమ్మంలోనే ఆగుతుందని నా భయం.

మా నాన్న తెనాలిలో కిరాణా కొట్టు నడిపాడు. బేరమాడేవాడు సరుకు కోసం వస్తాడు, ఆడనివాడు ఇంకెందుకో వస్తాడు అనేవాడు. నాకు అబ్బిన చదువంతా అదే. కొత్తిమీర కట్ట దగ్గర కూడా నేను బేరం వదలను. మా ఆవిడ నాతో బజారుకు రావడం ఎప్పుడో మానేసింది.

ఒక మధ్యాహ్నం మంఖాల్ రైతు జంగయ్య వచ్చాడు. పాత గిరాకీయే. పంపు వాషరు ఒక్కటి కొనడానికి నా ప్రాణం తోడేసే మనిషి. గోనెసంచిలో చుట్టిన పాత చైన్ ఒకటి బల్ల మీద పెట్టాడు.

"సేటూ, నిలువుకోతకు చైన్ కావాలె. గిది కోస్తలేదు, కాలుస్తున్నది."

మొద్దును అడ్డంగా తుంచడం ఒక పని, నిలువునా పలకలుగా చీల్చడం ఇంకో పని. అడ్డకోతకు వాడేది క్రాస్‌కట్ చైన్. దాని పన్ను అంచు బాగా ఏటవాలుగా, ముప్పై డిగ్రీల దాకా ఉంటుంది. నిలువుకోతకు రిప్పింగ్ చైన్ కావాలి. దాని అంచు దాదాపు నేరుగా, పది డిగ్రీల దగ్గర ఉండి ఉలిలా చెక్కుకుంటూ పోతుంది. మొదటిదానితో పలకలు తీయబోతే మిషన్ గుంజుతుంది, చైన్ తిరిగే ఇనుప బార్ వేడెక్కుతుంది, పలక అలలు అలలుగా వస్తుంది.

కట్టెలు కొట్టేవాడికి అడ్డకోత చాలు. చెట్టు పడ్డచోటే పలకలు తీయాలనుకునేవాడు మొద్దును ఊళ్లోని కోతమిషన్‌కు ఎందుకు తోలుకుపోవడం లేదు? అక్కడ ప్రశ్నలు అడుగుతారు కాబట్టి. నాకు అనుమానం మొదలైంది. పరీక్షిద్దామని నోటికొచ్చినంత ధర చెప్పాను.

"ఇయ్యి," అన్నాడు జంగయ్య.

బేరమే ఆడలేదు. ఏం చెట్టని అడిగితే చెట్టే అన్నాడు. ఎక్కడిదంటే మా తాననే అన్నాడు. కోతమిషన్‌కు తోలుకుపోవచ్చు కదా అంటే బండి పోదని రోడ్డు వైపు చూశాడు.

సరుకు లోపల వెతకాలని చెప్పి, టీ తెప్పించి, కొలతలు కలుస్తాయో లేదో చూస్తానంటూ పాత చైన్ చేతిలోకి తీసుకున్నాను. చైన్‌కు పిచ్, గేజ్ అని రెండు కొలతలు ఉంటాయి. పిచ్ అంటే లింకుల మధ్య దూరం, గేజ్ అంటే బార్ గాడిలో కూర్చునే ముక్క మందం. అవి చూస్తున్నట్టు నటిస్తూ పళ్ల సందుల్లో ఇరుక్కున్న పొట్టు గీకాను. పిండిలా మెత్తగా ఉంది, మాడిన రంగు. టేకు అయితే వేళ్లకు జిడ్డు తగలాలి, తోలు వాసన కొట్టాలి. జిడ్డు లేదు. వాసన పట్టడానికి పగలంతా డీజిల్ పీల్చిన నా ముక్కు పనికిరాదు. చిటికెడు నాలుక మీద వేసుకున్నాను.

జంగయ్య టీ గ్లాసు దించాడు. "ఆకలైతే చెప్పరాదు సేటూ, బువ్వ తెప్పిస్త."

చేదు. కాకరకాయంత కాదు గానీ చేదే.

"వేపా?"

"యాప."

"వేపచెట్టుకు ఇంత దాపరికమేమిటయ్యా?"

అప్పుడు బయటపెట్టాడు. గాలిదుమారానికి పొలంలో చెట్టు కూలింది. ఇల్లు కడుతున్నాడు, వచ్చే గురువారం దర్వాజ నిలబెట్టే ముహూర్తం. గడప ఆ చెట్టుదే కావాలని వాళ్లమ్మ పట్టు. దారంతా బండలు, ఎడ్లబండి పోదు. కిరాయికి తెచ్చిన మిషన్ అడ్డకోత చైన్‌తో ఒక మొద్దును పాడుచేసింది. గడపకు సరిపోయే వెడల్పున్నది చెట్టు మొదలు ఒక్కటే మిగిలింది. అదీ పోతే ఆ చెట్టు గడప ఇక లేనట్టే.

"మరి బేరం ఆడలేదేం?"

"గడప సామానుకు బేరం చెయ్యొద్దంటది మా అమ్మ. చేస్తే ఇంట్ల బర్కత్ ఉండదట, ఏదీ నిలువదట. గా ముచ్చట ముందే చెప్తే నువ్వు ఊకుంటవా? ఇంకింత పెంచుతవు."

కాదనలేకపోయాను. చెప్పకుండానే పెంచాను మరి. అసలు ధర తీసుకొమ్మంటే అతను ససేమిరా అన్నాడు. తగ్గించుకున్నా బేరమే అయితదట. పెంచిన ధర తీసుకోవడానికి నాకు మనసొప్పలేదు, తగ్గించిన ధర ఇవ్వడానికి అతనికి శాస్త్రమొప్పలేదు. చివరికి పళ్లు పదును పెట్టే గుండ్రటి ఆకురాయి ఒకటి, బార్ ఆయిల్ డబ్బా ఒకటి తెచ్చి చైన్ పక్కన పెట్టి, ఇవి కొసరు అన్నాను.

జంగయ్య ఆకురాయిని అటూ ఇటూ తిప్పి చూశాడు. "కొసరు సంగతి మా అమ్మ ఏం చెప్పలే," అని సంచిలో వేసుకున్నాడు.

మరునాడు స్కూటర్ మీద మంఖాల్ వెళ్లాను. చైన్ బిగువు చూడటానికని చెప్పాను గానీ, ఆ వేప పొట్టు వెనక టేకు మొద్దు దాక్కుందేమోనని కూడా. దాక్కోలేదు. బార్‌కు ఇనుప చట్రం బిగించి, మొద్దు మీద తిన్నటి పలకను దారిగా పెట్టి కోస్తున్నారు. తొందరపెట్టి నెట్టవద్దని, పలక పలకకూ ఆకురాయి పట్టమని చెప్పాను. గడప పలక ఎర్రగా, చేయి జారేంత నున్నగా విడివడింది.

జంగయ్య తల్లి దాన్ని నిమిరి, నా వైపు చూడకుండానే కొడుకును అడిగింది. "సేటు నిన్ను ముంచలే గదా?"

"లేదే. కొసరు గూడ ఇచ్చిండు."

"అడగకుంటనే ఇచ్చిండా? అయితే ఏదో మతలబు ఉంటది."

మా నాన్న బతికుంటే ఆమెను కొట్లో కూర్చోబెట్టేవాడు.

ఆనాటి నుంచి చైన్ అడిగినవాణ్ని ఏ చెట్టు, ఎక్కడిది అని అడగడం మానేశాను. అడ్డకోతకా, నిలువుకోతకా అని అడుగుతాను. దేనికి అన్నది ఆ జవాబు వెంబడే వస్తుంది. బేరమాడనివాణ్ని మాత్రం ఇప్పటికీ నమ్మను. గృహప్రవేశం అయ్యాక జంగయ్య పంపు వాషరు కోసం వచ్చి, టీ చల్లారేదాకా బేరమాడి, పోతూ పోతూ కొసరేదని అడిగాడు. అప్పటికి గానీ నా మనసు కుదుటపడలేదు.