పని ఇంటికి పోదు

కేసముద్రం మార్కెట్ యార్డు పక్కనున్న మా ఆఫీసులో పెద్ద గుమాస్తాకు ఒక అలవాటుండేది. చేతిలో పని లేకపోయినా, ఆఫీసరు జీపు కదిలేదాకా కుర్చీ వదిలేవారు కాదు. ఆయన లేవందే మేమూ లేవకూడదు.

అప్పుడు మా పాప చంటిది. దాన్ని చూసుకునే అత్తమ్మ మంచాన పడింది. నాది టెంపరరీ ఉద్యోగం, మానేస్తే పోయినట్టే. లెక్కలు ఇంటికి తీసుకెళ్లి రాసుకొస్తానని ఆయన్ను అడిగాను.

"ఇంట్ల కూసుంటే నౌకరి అంటరా బిడ్డా? మనిషి గీడ కనబడాలె."

నాకు కళ్లనీళ్లు తిరిగాయి. అది చూసి ఆయన గొంతు తగ్గించారు.

"పని ఇంటికి పోదు. పిల్లనే గీడికి తీస్కరా."

మరునాడు పాత కాగితాల గదిలో, దూలానికి నా పాత చీరతో ఉయ్యాల ఆయనే కట్టారు. సాయంత్రం పాప గుక్కపట్టి ఏడ్చింది. ఆఫీసరు బయటికి వచ్చారు.

"ఏందయ్యా ఆ ఏడుపు?"

ఉద్యోగం పోయిందనుకున్నాను. పెద్ద గుమాస్తా నిమ్మళంగా లేచి నిలబడ్డారు.

"కొత్త గుమాస్తా సార్. మీ జీపు పోయేదాక ఇంటికి పోవద్దన్న. గందుకే ఏడుస్తాంది."

ఆఫీసరు నవ్వుకుంటూ జీపెక్కారు. ఆ రోజు అందరం పొద్దుండగానే బయల్దేరాం. నేను ఉయ్యాల విప్పబోతే పెద్ద గుమాస్తా ఆపారు.

"ఉండనియ్యి. రేపు గూడ డ్యూటీకి రావాలె గద!"