మారికుప్పం ఇవ్వని లైన్ క్లియర్

ఒక ఆదివారం ఉదయం పది గంటల ఇరవై రెండు నిమిషాలకు ఆరోగ్యం అనే మనిషి టీ తాగడానికి బయటికి వెళ్ళాడు. ఈ సంగతి రిజిస్టర్‌లో ఉంది. రాసింది నేనే. అందుకే ఇన్నేళ్ళ తర్వాత కూడా నిమిషంతో సహా చెప్పగలుగుతున్నాను.

అప్పటికి బంగారు గనులు మూతపడి మూడేళ్ళు. బంగారుపేట నుంచి మారికుప్పం దాకా పోయే శాఖా మార్గంలో ఒక చిన్న స్టేషన్‌కు నన్ను స్టేషన్ మాస్టర్‌గా వేశారు. గనులు నడిచినన్నాళ్ళూ ఆ లైను గనుల కోసం ఉండేది. నేను వెళ్ళేనాటికి బెంగళూరుకు పనికి పోయి వచ్చేవాళ్ళ కోసం ఉంది. బండి తెల్లవారుజామున నిండుగా వెళ్ళేది, చీకటి పడ్డాక నిండుగా తిరిగొచ్చేది. మధ్యలో స్టేషన్‌లో నేను, పట్టాలు మార్చే పాయింట్స్‌మన్, ఒక కుక్క. నా భార్య అంతకు ముందు ఏడు చనిపోయింది. సెలవులో ఉండడం కంటే డ్యూటీలో ఉండడం నయమనిపించేది. ఆ విషయం ఇక్కడ అంతకంటే చెప్పను.

ఆరోగ్యం నాకు నేరస్థుడిగా పరిచయమయ్యాడు. ఒక మధ్యాహ్నం ప్లాట్‌ఫాం మీద టేపు పరిచి బెంచీని కొలుస్తున్నాడు. బెంచీలు ఎత్తుకుపోవడానికి వచ్చాడేమోనని పాయింట్స్‌మన్ అతన్ని నా గదికి తీసుకొచ్చాడు.

“ఏమప్పా, బెంచీతో నీకేం పని?” అని అడిగాను.

“ఇంట్లో స్టేషన్ కట్టినాను సార్. బెంచీ పొడుగు తెలీక వారం నుంచి పని నిలిచిపోయి ఉండాది.”

అతను గనిలో వైండింగ్ ఇంజిన్ డ్రైవర్‌గా చేసినవాడు. మనుషుల్ని ఇనుప బోనులో వేల అడుగుల కిందికి దింపి, మళ్ళీ పైకి లాగే యంత్రాన్ని నడపడం అతని పని. బోను అతనికి కనపడదు. కింద ఉన్నవాడు గంట కొడితే కదిలించాలి, గంట కొడితే ఆపాలి. మూడు గంటలంటే మనుషులు ఎక్కుతున్నారని అర్థం. ముప్పై ఏళ్ళు ఆ గంటలు వింటూ లివర్ పట్టుకున్న మనిషి, గని మూసేశాక చేతులు ఊరుకోక రైలు కట్టడం మొదలుపెట్టాడు.

వాళ్ళ ఇల్లు గని కార్మికుల లైన్లలో, అంటే వరస ఇళ్ళలో ఉండేది. రెండు గదుల తలుపులు ఊడబీకి, బల్లల మీద పరిచి, ఆ తలుపుల మీద బంగారుపేట నుంచి మారికుప్పం దాకా మొత్తం లైను వేశాడు. పట్టాలు పాత గొడుగుల కమ్మీలు. పట్టాల కింద అడ్డంగా వేసే స్లీపర్లు అగ్గిపుల్లలు. ఇంజిన్‌కు పౌడరు డబ్బా రేకు, లోపల టేప్‌రికార్డర్ మోటారు. చాంపియన్ స్టేషన్ పక్కన వంపులో గని మట్టి దిబ్బ ఉండాలి. దాన్ని మొదట ఉప్మా రవ్వతో పోశాడు. రంగు సరిగ్గా కుదిరింది. మూడు రోజుల్లో చీమలు దిబ్బను మోసుకుపోయాయి. తర్వాత అసలు దిబ్బ దగ్గరికి వెళ్ళి అసలు మట్టే తెచ్చాడు.

నేను ఆ లైను చూసి చాలాసేపు నవ్వాను. ఏడాది తర్వాత నవ్వడం అదే మొదలు. నా స్టేషన్ గోడ మీద పెచ్చు ఊడిన చోటు కూడా ఉంది అందులో.

అతని భార్య మేరీ నాకు కాఫీ ఇచ్చి, “మా ఇంట్లో రెండు గదులకి తలుపుల్లేవు సార్. రైలుకి మాత్రం ఉండాయి” అంది. గుమ్మాలకు పాత చీరలు వేలాడుతున్నాయి.

ఒక్కటే చిక్కు. ఏడు నెలలుగా ఆ రైలు ఒక్కసారి కూడా మారికుప్పం చేరలేదు. చాంపియన్ వంపు దగ్గర ఏదో ఒక పెట్టె పడిపోయేది. చూడటానికి వచ్చినవాళ్ళు బాగుందని మెచ్చుకునేవారు, పడిన పెట్టెను చూసి పాపం అనేవారు, వెళ్ళిపోయేవారు. నేనూ మొదటి రెండుసార్లు అదే చేశాను. మూడోసారి వెళ్ళేసరికి అతను ఇంజిన్‌ను గుడ్డలో చుట్టి పెట్టేశాడు.

“బాగుండాది, బాగుండాది అంటారు సార్. ఇంగ ఎన్నిసార్లు వినేది? తలుపులు మళ్ళా బిగించేస్తాను. ఆమె అయినా సంతోషపడుతుంది.”

“నేనేం అడగలేదు” అంది మేరీ లోపల్నుంచి.

ఆ రాత్రి స్టేషన్‌లో ఒక కాగితం తీసుకుని అతనికి నియామకపు ఉత్తర్వు రాశాను. బొమ్మ మారికుప్పానికి స్టేషన్ మాస్టర్‌గా నియమించడమైనది, ప్రతి ఆదివారం తొమ్మిదింటికి డ్యూటీలో చేరవలెను, ఆలస్యమైతే సంజాయిషీ ఇవ్వవలెను. బొమ్మ బంగారుపేటకు నేను స్టేషన్ మాస్టర్‌ని. ఆదివారం నా వారపు సెలవు. ఉత్తర్వు అందుకుని అతను రెండుసార్లు చదివి, “యూనిఫాం ఇస్తారా సార్?” అని అడిగాడు. నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

ఒంటి లైను నడిపే పద్ధతి కొంచెం చెప్పాలి. రెండు స్టేషన్ల మధ్య ఒకేసారి ఒకే బండి ఉండాలి. అందుకని డ్రైవర్‌కు టోకెన్ ఇస్తాం. అది ఉక్కు గుండు. సంచిలో వేసి, బెత్తం వలయానికి కట్టి చేతికి అందిస్తాం. అది లేకుండా బండి కదలకూడదు. ఆ గుండు నా దగ్గరున్న పెట్టెలోంచి బయటికి రావాలంటే అవతలి స్టేషన్ మాస్టర్ తన పెట్టె దగ్గర నిలబడి ఒప్పుకోవాలి. ఆ ఒప్పుకోలే లైన్ క్లియర్. అతను ఒప్పుకోకపోతే నేను తలకిందులుగా నిలబడినా గుండు రాదు.

మా బొమ్మ లైనుకు ఈ పెట్టెలు హైస్కూలు సైన్సు టీచరు సుశీలమ్మ చేసింది. ఆమె రోజూ నా స్టేషన్‌లో దిగి బడికి పోయేది. సంగతి చెప్పగానే రెండు పాత కాలింగ్ బెల్లులు, రెండు చెక్క పెట్టెలు, గుప్పెడు గోలీలతో వచ్చింది. మారికుప్పంలో మీట నొక్కితేనే బంగారుపేట పెట్టెలోంచి గోలీ జారుతుంది. సంచి కోసం రవికె గుడ్డ, వలయం కోసం తన గాజు ఇచ్చింది. రెండు స్టేషన్ల మధ్య దూరం పది అడుగులు. గంటల ద్వారా తప్ప మాట్లాడుకోకూడదని నియమం పెట్టుకున్నాం. దగ్గు వచ్చినా రిజిస్టర్‌లో రాసేవాళ్ళం.

రైలు వంపులో పడిపోతూనే ఉంది. అయినా ఆరోగ్యం ఒక్క ఆదివారం కూడా ఆలస్యం కాలేదు.

రెండు నెలలకు చర్చి హాలులో జనానికి చూపిద్దామని సుశీలమ్మ అంది. ఆరోగ్యం ఒప్పుకున్నాడు కానీ ఒక షరతు పెట్టాడు. “ఈ ఆదివారం జనం ముందర ఏదో ఒక ట్రిప్పు మారికుప్పం చేరిందా, ఉంటుంది. చేరలేదా, సోమవారం తలుపులు తలుపులైపోతాయి. నవ్వులపాలు కావడం ఇంగ నా వల్ల కాదు.” అతను గని మనిషి. అన్నాడంటే చేస్తాడు.

తలుపులతో సహా లైనంతా హాలుకు మోసుకొచ్చాం. ఆ ఆదివారం హాలు నిండింది. ఎక్కువమంది పాత గని కార్మికులు, వాళ్ళ ఇంటివాళ్ళు. బండి పది ఇరవై అయిదుకు బయల్దేరాలి. పది ఇరవై రెండుకు ఆరోగ్యం లేచి, ఒక్క టీ తాగి వస్తానని సైగ చేసి వెళ్ళాడు. అలా డ్యూటీ వదలకూడదు. రాశాను.

పది ఇరవై అయిదుకు నేను లైన్ క్లియర్ అడుగుతూ గంట కొట్టాను. జవాబు లేదు. మళ్ళీ కొట్టాను. మారికుప్పంలో కుర్చీ ఖాళీగా ఉంది. ఇంజిన్ ఉన్నచోటే ఉంది. జనం చూస్తున్నారు.

సుశీలమ్మ నా చెవి దగ్గరికొచ్చి, “సార్, పది అడుగులే. మీరే పోయి ఆ మీట నొక్కి వచ్చేయండి” అంది.

“నేను బంగారుపేట అమ్మా. మారికుప్పం తరఫున నేనెలా ఇస్తాను?”

“గోలీ సార్ అది!”

“టోకెన్.”

ఆమె నన్ను చూసిన చూపు ఎనిమిదో తరగతి పిల్లలు బాగా ఎరుగుదురు. నేను కదల్లేదు. ఇప్పుడు ఆలోచిస్తే సిగ్గుగానే ఉంటుంది. అరవైమంది ఎదురుగా, గోలీ కోసం, గంట కొడుతూ నిలబడ్డాను. కానీ ముందు వరసలో కూర్చున్న ఒక ముసలి కార్మికుడు లేచి, “సార్ చెప్పేది కరెక్టు. అవతల నుంచి సిగ్నల్ రానిదే కదిలించకూడదు” అన్నాడు. వెనక నుంచి ఇంకో నలుగురు అవునన్నారు. ఒకాయన పిల్లలకు వివరించడం మొదలుపెట్టాడు. హాలు రెండు పక్షాలైంది. రైలు నడవాలనేవాళ్ళు ఆడవాళ్ళు, పిల్లలు. నడవకూడదనేవాళ్ళు మగవాళ్ళు. అంత ఉత్సాహంగా నిలిచిపోయిన బండిని నా సర్వీసులో ఇంకోటి చూడలేదు.

టీ అంగడికి పోయి వచ్చినతను, “ఆడ లేడు. టీ తాగి లేచిపోయినాడంట” అని చెప్పాడు.

అప్పుడు మేరీ నా దగ్గరికి వచ్చింది. “చర్చి వెనక మెట్ల మీద కూర్చోనుంటాడు సార్. పడిపోతాదని భయం. చూడలేక పోయినాడు.”

“పిలుచుకొని రామ్మా.”

“పిలిస్తే రాడు. మీ టింగు టింగు ఆయన తలకెక్కదు. మూడు కొట్టండి.”

నాకు అర్థం కాలేదు. ఆమె ఆగలేదు. వరండాలో గంటగా వేలాడదీసిన పట్టా ముక్క ఉంది. కడ్డీ తీసుకుని మూడు దెబ్బలు వేసింది. హాలులో మగవాళ్ళందరూ ఒక్కసారిగా మాట ఆపేశారు.

పక్క తలుపులోంచి ఆరోగ్యం పరుగున వచ్చాడు. చేతిలో ఏమీ లేదు, చెప్పులు లేవు.

“ఎవరప్పా మూడు కొట్టింది?”

“మనుషులు ఎక్కినారు. వచ్చి నీ పని చూసుకో” అంది మేరీ.

“ఎక్కినాము!” అని హాలంతా అరిచింది.

అతను కుర్చీలో కూర్చుని మీట నొక్కాడు. నా పెట్టెలోంచి గోలీ జారింది. పది నలభై ఒకటి. గాజుకు కట్టిన సంచిలో గోలీ వేసి ఇంజిన్ పక్కన పెట్టి, బండి సిద్ధమని గంట కొట్టాను. కరెంటు మీట ఆరోగ్యం దగ్గరే ఉంది, తిప్పాడు. బండి కదిలింది. జనం లేచి దాని వెంట నడిచారు. కోరమాండల్ రాగానే నలుగురు, “మేము దిగేది ఈడే” అని అరిచారు. ఊరిగాం దగ్గర ఒకావిడ, మా ఇల్లు ఏదీ అని వెతికి, చూపించేదాకా బండి ఆపమంది. ఆపడం కుదరదని మొగుడు ఆమెను కోప్పడ్డాడు. నేను రిజిస్టర్‌లో సమయాలు రాస్తూ నవ్వు ఆపుకోలేక రెండు అంకెలు తప్పు రాశాను. ఆ కొట్టివేతలు ఇప్పటికీ ఉన్నాయి.

చాంపియన్ వంపులో చివరి పెట్టె పడిపోయింది.

“ఒకటి, ఒకటి!” అని ఎవరో అరిచారు. వరండాలో ఒక దెబ్బ పడింది. నడుస్తున్న బోనుకు ఒక గంటంటే ఆపమని. ఆరోగ్యం చెయ్యి చూడకుండానే కరెంటు ఆపింది.

 అతను లేచి, “అయిపోయె సార్. రేపు వచ్చి తలుపులు తీసుకుపోతాను” అన్నాడు.

బాగుందని చెప్పడానికి సుశీలమ్మ నోరు తెరిచింది. నేను ముందు మాట్లాడాను. “రేపు కుదరదు. పట్టాలు తప్పాక విచారణ అయ్యేదాకా దేన్నీ ముట్టకూడదు.”

“విచారణా?”

“గనిలో ప్రమాదం జరిగితే ఇన్‌స్పెక్టర్ రాకముందే కదిలిస్తారా?”

అతను కొంచెం ఆలోచించాడు. “కదిలించరాదు సార్” అన్నాడు. పడిన పెట్టె చుట్టూ సుద్దముక్కతో గీత గీశాడు.

సోమవారం సాయంత్రం విచారణ జరిగింది. సభ్యులు నేను, సుశీలమ్మ. సాక్షి మేరీ. సుశీలమ్మ బడి నుంచి కొలతల సామాను తెచ్చింది. పట్టాల మధ్య దూరం సరిగ్గానే ఉంది. వంపు సరిగ్గానే ఉంది. బయటి పట్టా కంటే లోపలి పట్టా ఒక్కచోట గోరు మందం ఎత్తుగా ఉంది. ఆరోగ్యం బ్లేడుతో అగ్గిపుల్ల ఎత్తాడు. కింద రవ్వ. చీమలు వదిలేసిన గింజలు జిగురులో తడిసి, ఉబ్బి, గట్టిపడి ఉన్నాయి.

“నా రవ్వ!” అంది మేరీ. “నెల రవ్వ పోసేసినాడు సార్. రాసుకోండి.”

ప్రమాద కారణం అనే గడిలో ఉప్మా రవ్వ అని రాసి ముగ్గురం సంతకాలు పెట్టాం. నాలుగోది ఆరోగ్యానిది. బాధ్యుడిగా. చాలా గర్వంగా పెట్టాడు. తర్వాతి ఆదివారం పది గంటల ముప్పై ఆరుకు బండి మారికుప్పం చేరింది. తలుపులు హాలు వెనక గదిలోనే ఉండిపోయాయి. మేరీ గుమ్మాలకు కొత్త కర్టెన్లు కుట్టించుకుంది.

రైలు నమూనాలు కట్టేవాళ్ళు ఇప్పుడు కూడా నా దగ్గరికి వస్తుంటారు. కొత్తగా కట్టేవాడిని ఎలా ప్రోత్సహించాలని అడుగుతారు. నాకు తెలిసింది ఇంతే. ఏడు నెలలు అందరం మెచ్చుకున్నాం, ఎవరమూ పట్టా కింద చూడలేదు. మెచ్చుకోలు విన్న మనిషి ఇంజిన్‌ను గుడ్డలో చుట్టాడు. డ్యూటీ ఇచ్చాక మానలేదు. కాబట్టి ఎవరి లైను చూడటానికైనా వెళితే బాగుందని చెప్పకండి. తర్వాతి బండి ఎన్ని గంటలకని అడగండి. పడితే ఎందుకు పడిందో కూర్చుని వెతకండి.

ఆరోగ్యం పోయి కొన్నేళ్ళయింది. మారికుప్పం కుర్చీలో ఇప్పుడు సుశీలమ్మ కూర్చుంటుంది. ఆదివారాలు బండి నడుస్తూనే ఉంది. లైన్ క్లియర్ రైల్వే గంటలతోనే అడుగుతాను. ఆరోగ్యం ఉన్నన్నాళ్ళూ అతని కోసం కొట్టిన మూడు గంటలు మాత్రం మానేశాం.